పదిహేడు కప్పుల పైలట్

కెంప్టెన్,
3 ఫిబ్రవరి 1985

టోమ్మా అత్తకి,

క్రిస్మస్‌కి నువ్వు అల్లి పంపిన మేజోళ్ళలో ఒకటి నా కాలికి సరిపోయింది, రెండోది ఏనుగు కాలికి సరిపోతుంది. అయినా రెండూ వేసుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ మంచు కిటికీ అంచుదాకా పేరుకుంది, నేను పాఠాలు చెప్పే బడికి సెలవిచ్చారు.

నాన్న నీకు ఫోన్లో చెప్పే ఉంటాడు, 'నా కూతురికి నలభై ఏళ్ళొచ్చాక పిచ్చి పట్టింది' అని. పిచ్చి కాదత్తా, పుస్తకం. యుద్ధంలో మన జర్మనీ తరఫున యుద్ధవిమానాలు నడిపిన కుర్రాళ్ళ సొంత జీవితాల గురించి. ఎవడు ఎన్ని విమానాలు కూల్చాడో రాసిన పుస్తకాలు మా లైబ్రరీలో రెండు అరల నిండా ఉన్నాయి. వాళ్ళు ఏం తినేవాళ్ళో, ఎవరికి ఉత్తరాలు రాసేవాళ్ళో, దేనికి భయపడేవాళ్ళో ఒక్కడూ రాయలేదు. నేను నలభై ప్రశ్నలు టైపు చేసి, బతికున్నవాళ్ళకి, పోయినవాళ్ళ భార్యలకి పంపుతున్నాను. జవాబులు కార్డుల మీద ఎక్కించి చెప్పుల పెట్టెల్లో దాస్తున్నాను. ఇప్పటికి తొమ్మిది పెట్టెలయ్యాయి. మా ఆయన చెప్పులు మాత్రం నేల మీదే పడున్నాయి.

ఈ ముసలి పైలట్లతో తల ప్రాణం తోకకొస్తోంది. 'మీ అమ్మగారు మిమ్మల్ని ఏమని పిలిచేవారు?' అని అడిగితే, రెండు చేతులూ విమానాల్లా చాచి ఒకదాని వెనక ఒకటి తరిమిస్తారు. పోయిన వారం ఒకాయన అలాగే నా కేకు కూల్చేశాడు. ఉల్మ్‌లో ఒక పెద్దావిడ పతకాల పెట్టె ముందు పెట్టుకుని గంటసేపు బిగుసుకుని కూర్చుంది. 'ఆయనకి ఏ వంటంటే ఇష్టం?' అన్నాను. బంగాళాదుంప అట్లు అంది, అని భోరున ఏడ్చింది. ఆ మాట నలభై ఏళ్ళలో ఎవరూ అడగలేదట.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరంతో ఒక ఫోటో పెట్టాను. ఒక కాలవ వంతెన మీద నలుగురు పైలట్లు, ఒక కుక్క. వెనకాల 'వెస్టర్‌ఫేన్, 1942, T. తో' అని ఉంది. వెస్టర్‌ఫేన్ అంటే మన ఊరే కదా? వంతెన నీ వంతెనే కదా? T. అంటే కుక్క అనుకుంటున్నాను. వీళ్ళెవరో నీకేమైనా గుర్తుందా?

నీ మేనకోడలు,
ఫ్రౌకె


వెస్టర్‌ఫేన్,
11 ఫిబ్రవరి 1985

ఒసే ఫ్రౌకే,

మేజోళ్ళు నచ్చకపోతే తిరిగి పంపు, మా పిల్లికి పరుపు చేస్తాను.

ఇక్కడ కాలవ గడ్డకట్టింది. వారం రోజులుగా ఒక్క పడవ రాలేదు, నాకు వంతెన ఎత్తే పని లేదు, కాబట్టే నీ ప్రశ్నలకి తీరిక దొరికింది. ఊరు ఊరంతా మంచు మీద జారుతోంది. నిన్న పాస్టరు గారు సరిగ్గా నా వంతెన కింద వెల్లకిలా పడ్డారు. నేను ఆయన ముందు నవ్వలేదు. లోపలికొచ్చి తలుపేసుకుని నవ్వాను.

T. అంటే కుక్క కాదే తల్లీ. నేను. ఫోటో తీసిందే నేను. కుక్క పేరు ముస్తాషె, దానికి ఈ నలుగురికన్నా ఎక్కువ తెలివి.

ఎడమ నుంచి మొదటివాడు మా కోళ్ళగూట్లో గుడ్లు దొంగిలించేవాడు. రెండోవాడు ఉతకాల్సిన బట్టలు మూటకట్టి పోస్టులో వాళ్ళమ్మకి పంపేవాడు, ఆవిడ ఉతికి మధ్యలో కేకు పెట్టి తిప్పి పంపేది. చివర బొద్దుగా ఉన్నాడే, వాడు లోరెంట్స్. ఇరవై ఏళ్ళు. ఆ సెప్టెంబరులోనే పోయాడు, మా ఊళ్ళోనే పూడ్చారు. అల్లిక బాగా వచ్చు వాడికి, మేజోడు మడమ తిప్పడం నాకు నేర్పింది వాడే. కనుక నీ ఏనుగు మేజోడు గురించి గొడవేదైనా ఉంటే వాడితో పెట్టుకో.

మూడోవాడి సంగతి అడగకు. వాడు మా ఇల్లు దోచుకుపోయాడు.

ఇంకో మాట. వీళ్ళని వీరులని రాస్తే నీ పుస్తకం పొయ్యిలో పెడతాను. ఈ నలుగురూ ఉన్నది మా ఎదురింట్లో. అది పశువుల వ్యాపారి కోసెన్ గారి ఇల్లు. వాళ్ళ రూత్ బళ్ళో నా పక్కన కూర్చునేది. 1940 చలికాలంలో యూదులని చెప్పి వాళ్ళని ఊళ్ళోంచి పంపించేశారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. తర్వాత ఆ మంచాల మీద ఈ పిల్లకాయల్ని పడుకోబెట్టారు. నీ నలభై ప్రశ్నల్లో దాని గురించి ఒకటైనా ఉందా?

పులుసులో మాంసం ఉడికింది, ఇక ఉంటాను.

మీ అత్త
టోమ్మా


కెంప్టెన్,
20 ఫిబ్రవరి 1985

అత్తా, అత్తా, అత్తా!

ఉందత్తా. ముప్ఫై ఒకటో ప్రశ్న. 'ఆనాడు మీ చుట్టూ జరిగినవాటిలో మీరు ఎవరినీ అడగకుండా వదిలేసింది ఏమిటి?' చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ కార్డులకి విడిగా ఒక పెట్టె పెట్టాను. అదే అన్నిటికన్నా బరువుగా ఉంది.

ఇక నీ దొంగ. ఒక పాత దళం ఫోటోలో అదే మొహం కింద మాగ్నుస్ ఫింక్ అని పేరుంది, మూడోవాడు ఆయనే, అవునా? ఆయన బతికే ఉన్నాడు! అదీ ఎక్కడో కాదు, ఫ్యుస్సెన్‌లో. మా ఊరినుంచి రైల్లో గంటన్నర. వయొలిన్లు తయారుచేస్తాడట, భార్య పోయి ఆరేళ్ళయిందట. ఇన్నాళ్ళకి నా పెట్టెల్లో ఒక దొంగ పడ్డాడు! ఆలస్యం అమృతం విషం అని వెంటనే నలభై ప్రశ్నలూ పోస్టు చేశాను. చివర నా చేత్తో నలభై ఒకటోది రాశాను: 'వెస్టర్‌ఫేన్‌లో ఒక ఇంటిని మీరు దోచుకున్నారని తెలిసింది. ఏమేం పట్టుకెళ్ళారు?'

ఇంతకీ ఏం పట్టుకెళ్ళాడత్తా? వెండి సామానా? తాత గడియారమా?

ఆత్రంగా,
ఫ్రౌకె


వెస్టర్‌ఫేన్,
25 ఫిబ్రవరి 1985

ఫ్రౌకె,

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం నువ్వు. మీ నాన్నా అంతే. ఎవరడగమన్నారే నిన్ను?

బతికున్నాడా వాడు? నలభై మూడేళ్ళుగా చచ్చాడనుకుని, పోనీలే పాపం అని తిట్లన్నీ మింగి కూర్చున్నాను. ఇప్పుడు అవన్నీ ఒక్కసారి గొంతులోకొచ్చాయి.

ఏం పట్టుకెళ్ళాడో చెప్తాను, చేత్తో కాదు, కడుపులో పట్టుకెళ్ళాడు. టీ! మా ఇంటిల్లిపాదికి రేషన్ కార్డు మీద నెలకిచ్చే టీ అంతా!

ఐదు నెలలు ఆ వంతెన మీద నాతో నడిచాడు. నాకు ఇరవై, వాడికి ఇరవై రెండు. 1942 అక్టోబరు పదకొండు, ఆదివారం. మా నాన్నతో మాట్లాడి నన్ను అడుగుతానని చెప్పి, తెల్ల చేతితొడుగులు వేసుకుని ఇంటికొచ్చాడు. నేను తెరలు ఉతికాను. మా అమ్మ గులాబీ బొమ్మల కప్పులు తీసింది. నాన్న సంగతి నీకు తెలుసుగా, పొద్దున 'మోయిన్' అని పలకరిస్తే మళ్ళీ సాయంత్రందాకా నోరు విప్పేవాడు కాదు. సరే, కూర్చున్నాడు. అమ్మ పోసింది. తాగాడు. మళ్ళీ పోసింది. తాగాడు. మర్యాదగలవాడు మూడు కప్పులకి చాలంటాడు. వీడు అననే లేదే! ఏడో కప్పుకి అమ్మ నావైపు చూసింది. పదో కప్పుకి డబ్బా అడుగుకి తొంగి చూసింది. పదమూడో కప్పు దగ్గర డబ్బా ఖాళీ అయితే పెరటిదారిన వెళ్ళి పక్కింట్లో అడిగి తెచ్చింది. ఇంటికొచ్చినవాడు చాలనేదాకా పొయ్యకపోతే పరువు పోదూ? పదిహేడు కప్పులు తాగాడు, ఫ్రౌకె. నేను లెక్కపెట్టాను. తాగి, గడ్డిరంగులోకి మారి, లేచి, వంగి దణ్ణం పెట్టి, ఒక్క ముక్క మాట్లాడకుండా పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. మూడోనాడు వాళ్ళ దళం మొత్తాన్ని తూర్పుకి పంపేశారు. ఉత్తరం లేదు, పత్తరం లేదు.

ఆరు వారాలు ఇంటిల్లిపాదీ చామంతి పూల కషాయం తాగాం. యుద్ధంలో బాంబులు భరించాం కానీ ఆ కషాయం భరించలేకపోయాం. మా నాన్న చచ్చేదాకా టీ పోసినప్పుడల్లా, 'కాస్త ఉంచండర్రా, అమ్మాయిగారి పైలట్ వస్తాడేమో' అనేవాడు. నా పెళ్ళిలో కూడా అన్నాడు. మీ ఓన్నో మామయ్య బంగారంలాంటి మనిషి, నవ్వి ఊరుకున్నాడు. ఆయన పోయేదాకా ముప్ఫై ఏళ్ళు సుఖంగా కాపురం చేశాను, వెనక్కి తిరిగి చూడలేదు. కానీ ఊళ్ళో నా పేరు చెప్తే ముందు గుర్తొచ్చేది ఆ పదిహేడు కప్పులే.

అడిగావు కాబట్టి నాకూ ఒక ప్రశ్న ఉంది, నీ నలభై ఒకటోదాని కింద రాసుకో. వాడు ఆరోజు నాకోసం వచ్చాడా, టీ కోసం వచ్చాడా? నాకా ఒక్కటి తెలిస్తే చాలు.

మంచు పగలగొట్టుకుంటూ ఒక పడవ వచ్చింది. గంట కొడుతున్నాడు, కొట్టనీ.

టోమ్మా


కెంప్టెన్,
9 మార్చి 1985

అత్తా,

నువ్వు కోపంగా ఉన్నావని తెలుసు. ఇది చదివాక ఇంకా ఎక్కువవుతుంది. ముందు కూర్చో.

ఫింక్ గారి జవాబొచ్చింది. నలభై ప్రశ్నల్లో ముప్ఫై తొమ్మిదింటికి పొందిగ్గా రాశాడు. ఇష్టమైన వంట జున్ను వేసిన పిండి నూడుల్స్. ఎగరబోయే ప్రతిసారీ మొదట ఎడమ బూటే తొడిగేవాడట, వయొలిన్ మీటే వేళ్ళు గడ్డకడతాయని భయమట. ముప్ఫై ఒకటి ఖాళీ. నా నలభై ఒకటో ప్రశ్న దగ్గర మాత్రం కాగితం చిరిగేలా నొక్కి రాశాడు. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను:

'మేడమ్, నేను జన్మలో ఎవరి ఇల్లూ దోచలేదు. ఆ ఊళ్ళో ఒక ఇంట్లో నన్నే ఒక ఆదివారం కూర్చోబెట్టి హింసించారు. ఇద్దరు హింసించారు. మూడో మనిషి పక్కనే కూర్చుని చూస్తూ ఊరుకుంది. అదే ఎక్కువ బాధ. ఈ విషయం మీద ఇంక ఉత్తరాలు వద్దు.'

హింస అంటున్నాడత్తా! నాకేం పాలుపోవడం లేదు. తాత గురించి మీరెవరూ నాకు చెప్పనిదేమైనా ఉందా? ఆయన యుద్ధంలో పోలీసుల్లో గానీ పనిచేశాడా? నాన్ననడిగితే 'నేనప్పుడు రష్యాలో ఉన్నాను, నన్ను లాగకండి' అని ఫోన్ పెట్టేశాడు. నిజం చెప్పు, నేను తట్టుకోగలను. టీ తాగించాక ఏం చేశారు ఆయన్ని?

ఫ్రౌకె


వెస్టర్‌ఫేన్,
13 మార్చి 1985

హింసా?

హింసా! మీ తాత కోడిని కొయ్యలేక పక్కింటికి పంపేవాడు! మా అమ్మ బాతుకి జలుబు చేస్తే ఒళ్ళో పెట్టుకునేది! వీళ్ళా హింసించింది? ఇంట్లో ఉన్న చివరి చుక్కదాకా పోసి, పక్కింట్లో చెయ్యి చాచి తెచ్చి మరీ పోస్తే, అది హింసట! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. తాగినింటివి కూడా.

ఇక 'మూడో మనిషి' అంటే నేనన్నమాట. చూస్తూ ఊరుకున్నానట. మరేం చెయ్యమంటాడు? పెళ్ళిమాటకొచ్చినవాడి చేతిలో కప్పు లాక్కోనా?

నువ్వొక పని చెయ్యి. మళ్ళీ ఉత్తరాలు రాయకు. రైలెక్కి వెళ్ళు. ఎదురుగా కూర్చుని మొహం చూసి అడుగు. ముందు ముప్ఫై ఒకటో ప్రశ్న అడుగు. ఎదురింటి మంచం మీద ఐదు నెలలు పడుకుని దాన్ని ఖాళీగా వదిలేసేవాడైతే వాడు నాకోసం వచ్చినా ఒకటే, టీ కోసం వచ్చినా ఒకటే. తలుపు దగ్గరనుంచే తిరిగొచ్చెయ్.

మేజోళ్ళు నిజంగానే పంపించావేమే? సరదాకన్నాను. విప్పి మళ్ళీ అల్లుతున్నాను. కోపంలో అల్లితే కుట్లు బిగుస్తాయి, ఈసారి నీకు ఇరుకవుతాయి.

టోమ్మా


కెంప్టెన్,
24 మార్చి 1985

అత్తా,

వెళ్ళొచ్చాను. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించి, స్థిమితంగా చదువు.

గంట కొడితే ఫింక్ గారే తలుపు తీశాడు. సన్నగా, పొడుగ్గా, తోలు ఏప్రన్ నిండా కొయ్య పొట్టు. కొంచెం కుంటుతాడు. నా పేరు చెప్పగానే మొహం మాడ్చుకున్నాడు.

"ఉత్తరాలు వద్దన్నాను కదమ్మా?"

"ఉత్తరం తేలేదండీ, నేనే వచ్చాను," అన్నాను.

ఆ మాటకి నవ్వు ఆపుకోలేక లోపలికి రమ్మన్నాడు. గుమ్మంలోనే ఆగి, నువ్వు చెప్పినట్టు ముప్ఫై ఒకటి అడిగాను. ఆయన గోడకి వేలాడే వయొలిన్ ఒకదాన్ని తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే తగిలించాడు.

"ఖాళీగా వదిలింది రాయడానికేం లేక కాదు," అన్నాడు. "ఆ ఇంటి తలుపు మీద ఇత్తడి పలక ఉండేది. కోసెన్ అని. ఐదు నెలలు రోజూ పొద్దున్నే చదివాను. వంటింటి గుమ్మం చెక్క మీద పిల్లల ఎత్తు కొలిచిన గీతలుండేవి. రూత్, మాక్స్ అని పేర్లు. వీళ్ళేరి అని ఎవర్నీ అడగలేదు. ఆ పిల్ల మంచం మీద హాయిగా నిద్రపోయానమ్మా. ఆకాశంలో భయపడ్డానని ఎవడైనా చెప్తాడు. నేలమీద నోరు మూసుకున్నానని చెప్పడానికే నోరు రాదు. రాసుకో, దాచకు."

రాసుకున్నాను. అప్పుడు లోపలికి వెళ్ళి కూర్చున్నాను.

కాఫీ ఇచ్చాడు. టీ ఇంట్లోకి రానివ్వడట, నలభై మూడేళ్ళుగా వాసన కూడా పడదట. ఒక కప్పు తాగాను, చాలు. ఆయన మళ్ళీ పొయ్యబోతే, చిన్నప్పుడు సెలవులకి నీ దగ్గర అయిన అలవాటు కదా, నాకు తెలియకుండానే చెంచా తీసి కప్పులో పెట్టాను. ఆయన పోస్తూనే ఉన్నాడు!

"అయ్యో, చాలండీ, చెంచా పెట్టేశాను కదా!" అన్నాను.

"చెంచాకీ చాలుకీ ఏమిటి సంబంధం?" అన్నాడు. "ఏమనుకోకమ్మా, మీ ఇంట్లో తాగేసిన కప్పులో చెంచా వదిలేస్తారా? మా అమ్మైతే వేళ్ళ మీద ఒక్కటిచ్చేది. మర్యాదస్తులు చెంచా సాసర్లో పెడతారు."

నేను కాఫీ కుండ పట్టుకున్న ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఫింక్ గారూ, ఆ ఆదివారం మీ చెంచా ఎక్కడ పెట్టారు?"

"సాసర్లో. ఇంకెక్కడ పెడతాను?"

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. పొందిగ్గా. పిల్లనడగడానికి వెళ్ళి మోటుగా ఉంటానా?"

అత్తా, నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెప్పాను. మన ఫ్రీస్‌లాండ్ వైపు టీ కలపరనీ, చెంచా కలపడానికి కాదనీ, అది కప్పులో పెడితేనే 'చాలు' అని అర్థమనీ, అది సాసర్లో ఉన్నంతసేపూ ఇంటి ఇల్లాలు పోస్తూనే ఉండాలనీ. ఆయన కాఫీ కుండ బల్ల మీద దించాడు. తర్వాత మెల్లిగా అడిగాడు.

"మరి ఆ ముసలాయన? నేను గొంతు సవరించుకున్నప్పుడల్లా కప్పు వైపు చూసేవాడు! మాట్లాడనిచ్చేవాడు కాదు!"

"టీ అయ్యేదాకా మా తాత పెళ్ళిమాట ఎత్తడు. మీ టీ ఎప్పుడవుతుందా అని చూశాడు," అన్నాను.

"నేను ఆయన మాట్లాడమంటే మాట్లాడదామని తాగుతూ కూర్చున్నాను!" అన్నాడు. "కుడితిలో పడ్డ ఎలకలా అయిపోయింది నా పని. మింగలేను, కక్కలేను. ఈ సంబంధం వాళ్ళకి ఇష్టం లేదు, నోరు తెరవనివ్వకుండా పోసి పోసి పంపేశారు అనుకున్నాను. అంత స్పష్టంగా పొమ్మన్న ఇంటికి ఉత్తరమేం రాస్తాను? పైగా ఆమె, పక్కనే కూర్చుని, ఒక్క మాట అనలేదు."

"మీరెందుకు వెళ్ళారు ఆరోజు?" నీ ప్రశ్న అడిగాను. "టీ కోసమా?"

ఆయన లేచి అల్మరాలోంచి ఒక డబ్బా తెచ్చాడు. అందులో వయొలిన్ తీగలు, మీటలు, వాటి మధ్య ఒక చిన్న ఉంగరం. మేపుల్ చెక్కతో చేసింది. విమానాల షెడ్డులో చాకుతో చెక్కాడట. ఆ ఆదివారం చేతితొడుగు లోపల దాచి తెచ్చాడట.

"టీ అంటే నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు," అన్నాడు.

అంతే అత్తా. నీ ప్రశ్నకి జవాబు అదే.

ఫ్రౌకె

తా.క.: పదిహేడు కాదట. ఇరవై రెండట. ఆయనా లెక్కపెట్టాడు.


వెస్టర్‌ఫేన్,
29 మార్చి 1985

నా తల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, పిల్లి భయపడి బల్లకిందకి దూరింది. రెండోసారి ఏడ్చాను. మూడోసారి చదివి, వెళ్ళి వంతెన మీద నిలబడ్డాను. కాలవలో మిగిలిన చివరి మంచు ముక్కలు కొట్టుకుపోతున్నాయి.

పక్కనే కూర్చున్నాను, ఫ్రౌకె. మోచెయ్యి తగిలేంత దగ్గర. 'చెంచా కప్పులో పెట్టు' అని ఒక్క మాటంటే అయిపోయేది. నాకు తట్టనే లేదు. నడవాలంటే కాళ్ళు కదపాలని ఎవరైనా ఎవరికైనా చెప్తారా? లోకమంతా చెంచా కప్పులోనే పెడుతుందనుకున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మ అడక్కుండానే పోసి పోసి కొంప ముంచింది, పాపం మహాతల్లి.

ఆ ఇంటి సంగతి ఆయన చెప్పాడు కాబట్టి రమ్మను. మే పదహారు, గురువారం, పండగ సెలవు. కానీ షరతు. ముందు ఎదురింటికి వెళ్ళాలి. ఇప్పుడక్కడ పళ్ళ డాక్టరు ఉంటున్నాడు. ఆ గుమ్మం ముందు ఇద్దరం నిలబడాలి. ఆ తర్వాతే టీ.

మూడు కప్పులు. ఒక్క చుక్క ఎక్కువ పొయ్యను. ఇరవై రెండట! వయొలిన్ల వాళ్ళకి లెక్కలు రావు.

నీ అత్త
టోమ్మా


కెంప్టెన్,
5 మే 1985

అత్తా,

ఫింక్ గారు నిన్న ఫోన్ చేశాడు, ఈ పదిహేను రోజుల్లో ఆరోసారి. ముదురు రంగు కోటు వేసుకోవాలా, లేత రంగుదా? తెల్ల చేతితొడుగులు మరీ అతిగా ఉంటాయా? పాల మీగడ కప్పులో ఏ వైపునుంచి వెయ్యాలి? కలపకూడదని మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఇంట్లో వేడినీళ్ళతో సాధన చేస్తున్నాడట: మూడు కప్పులు, తర్వాత చెంచా లోపల. 'విమానం దింపడం దీనికన్నా తేలికమ్మాయ్' అన్నాడు. అరవై ఐదేళ్ళ మనిషి, పరీక్షకెళ్ళే పిల్లాడిలా వణుకుతున్నాడు.

నేనూ రానా తోడుకి? పుస్తకానికి పనికొస్తుంది.

ఫ్రౌకె


వెస్టర్‌ఫేన్,
25 మే 1985

ఒసే ఫ్రౌకే,

రావద్దని తంతి ఇచ్చినందుకు అలిగావని మీ నాన్న చెప్పాడు. అలిగితే అలుగు. పెట్టెల్లో పెట్టకూడనివి కూడా కొన్ని ఉంటాయి. అయినా నీ కడుపుబ్బరం తీరడానికి రాస్తున్నాను.

వచ్చాడు. స్టేషన్లో నేను గుర్తుపట్టలేదు, ఆయన గుర్తుపట్టాడు. 'మోయిన్' అన్నాడు. రైల్లో పదమూడు గంటలూ అదే నేర్చుకున్నాడట. ముందు ఎదురింటికే వెళ్ళాం. ఇత్తడి పలక లేదు, గుమ్మం చెక్కకి ఎప్పుడో రంగు వేసేశారు. పళ్ళ డాక్టరు మంచివాడు, ఏం అడ్డు చెప్పలేదు. మాగ్నుస్ వేళ్ళతో ఆ చెక్క తడిమాడు. కొయ్యపని చేసే వేళ్ళు కదా, రంగు కింద గీతలు దొరికాయి. రూత్‌ది నా భుజం దాకా ఉంది. తిరిగొచ్చి ఇద్దరం కూర్చుని, ఆ కుటుంబం ఏమైందో వెతికిపెట్టేవాళ్ళకి ఒక ఉత్తరం రాశాం. ఇద్దరం సంతకం పెట్టాం. నలభై ఐదేళ్ళు ఆలస్యంగా అడిగాం. ఏం జవాబొస్తుందో అని భయంగానే ఉంది. అయినా అడిగాం. ఇది మాత్రం నీ కార్డు మీద రాసుకో.

తర్వాత టీ. మా నాన్న కుర్చీలో కూర్చోబెట్టాను. గులాబీ కప్పులే, ఒకదానికి అంచు ఊడింది, అది నేను తీసుకున్నాను. మొదటి కప్పు తాగాడు, బావుందన్నాడు, అబద్ధం. రెండోది తాగాడు. మూడోది తాగాడు. చెంచా చేతిలోకి తీసుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టాను ఫ్రౌకె, అరవై మూడేళ్ళదాన్ని, సిగ్గులేకుండా బిగబట్టాను. చెంచా కప్పు మీదికి తెచ్చాడు. నావైపు చూశాడు. 'మీ నాన్నగారు లేరు, ఇప్పుడు నేను మాట్లాడొచ్చా?' అన్నాడు. టీ అయ్యేదాకా మాట్లాడకూడదన్నాను. 'అయితే తర్వాతే మాట్లాడతాను, తొందరేం లేదు' అని, ఆ చెంచా తీసుకెళ్ళి సాసర్లో పెట్టాడు. పొందిగ్గా. వాళ్ళమ్మ నేర్పినట్టు.

నేనేం చెయ్యను? మర్యాద మర్యాదే. నాలుగో కప్పు పోశాను.

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. పొద్దున వంతెన ఎత్తడానికి చక్రం ఆయనే తిప్పుతున్నాడు, పడవవాళ్ళు చేతులూపుతున్నారు. పాస్టరు గారు రెండుసార్లు ఊరికే ఇటుగా నడిచి వెళ్ళారు. లోరెంట్స్ సమాధి మీద కొత్త మొక్క నాటాం. కొయ్య ఉంగరం నా చిటికెనవేలికి కూడా పట్టలేదు, వంతెన తిప్పీ తిప్పీ ఈ వేళ్ళు లావయ్యాయి. దారం కట్టి మెడలో వేసుకున్నాను. నీ మేజోళ్ళు అయిపోయాయి, రెండూ ఒకే కొలత. ఒకటి నేను అల్లాను, రెండోదాని మడమ ఆయన తిప్పాడు.

పదిహేడా, ఇరవై రెండా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. రోజూ తగవే.

నీ అత్త
టోమ్మా

తా.క.: చెంచా ఇంకా సాసర్లోనే ఉంది.